నూనె జడల ఫిర్యాదు

ఎనభైల మొదట్లో నేను వాషింగ్టన్‌లో ఒక మానవ హక్కుల కమిషన్‌లో గుమాస్తాని. చుట్టుపక్కల దేశాల వాళ్ళు తమ ప్రభుత్వాల మీద పంపే ఫిర్యాదులు నా బల్ల మీదికే వచ్చేవి. సొంత దేశంలో కోర్టులన్నీ ఎక్కి వచ్చారా, చివరి తీర్పు వచ్చి ఆరు నెలలు దాటిందా అని చూసి, నిబంధనకు సరిపోనివి తిప్పి పంపడం నా పని. చేసీ చేసీ ఇంట్లోనూ అదే బుద్ధి అంటుకుంది.

ఒక పొద్దున, నేను దువ్వెన పట్టుకోగానే, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి మా అత్తగారి దగ్గరికి పరిగెత్తింది. "నానమ్మా, మమ్మీ రోజూ ఆయిల్ పెడుతోంది. స్కూల్‌లో అందరూ నవ్వుతున్నారు!"

"ముందు డాడీని అడిగావా? అడక్కుండా పైకి వెళ్తే చెల్లదు," అన్నాను.

"అడిగాను. డాడీ 'ఆస్క్ మమ్మీ' అన్నాడు. మమ్మీ నో అంది. ఇంకెవరున్నారు?"

కింద న్యాయం దొరికే దారే లేకపోతే నేరుగా పైకి రావచ్చని మా నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు స్వీకరించక తప్పలేదు.

అత్తగారు ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "నవ్వితే నవ్వనీవే," అని మనవరాలితో అని, నా వైపు తిరిగారు. "నీ తలా పీచులా ఉంది. నువ్వూ కూర్చో."

ఆ రోజు ఆఫీస్‌లో మా బాస్ నా జిడ్డు జడ వంక అదోలా చూశాడు. ఎవరికి చెప్పుకోను? ఆవిడ పైన ఇంకో కమిషన్ లేదు.