నిద్ర కరువైన పర్శరాములు

కొత్తవాడలో మా పక్కింటి పర్శరాములు ఉన్నచోట నవ్వులే నవ్వులు. పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి పాళీ పడ్డాక ఆ నవ్వు పోయింది. రాత్రంతా యంత్రాల మధ్య నిలబడి, తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే, అదే గదిలో భార్య సరోజన మగ్గం చప్పుడు మొదలయ్యేది. ఉన్నది ఒక్కటే గది మరి. ఆమె నేత ఆపితే పూట గడవదు. ఎవరిని తప్పుపడతాం?

రెండేళ్లకు మనిషే మారిపోయాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడి బూతులు తిట్టేవాడు. ఊరికే గుండెదడ, చేతుల వణుకు. ఒకనాడు అన్నం కంచం విసిరికొట్టి, ఆ తర్వాత తానే వెక్కి వెక్కి ఏడ్చాడు. చూడలేక నేనే సుబేదారిలో కిషన్ రావు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు బీపీ చూశాడు. "ఆపదొస్తే తట్టుకోనీకి ఒంట్ల కొన్ని హార్మోన్లు ఊర్తయి. కంటినిండ నిద్రపోతే తగ్గుతయి. నీకు నిద్ర లేదు, అవి తగ్గుతలేవు. ఎప్పుడూ పులి ముంగట నిలవడ్డట్టే ఉంటాంది నీ పానం. రాత్రి పాళీ బంద్ చెయ్యి. నిద్రే నీకు మందు" అన్నాడు.

ఆ మాట చెబితే సరోజన నెత్తి కొట్టుకుంది. "సూది ఇయ్యలే, గోలి ఇయ్యలే! పండుకొమ్మని చెప్పనీకి డాక్టరెందుకు తమ్మీ? మల్లన్న మొక్కు మర్శినం, గదీ సంగతి."

మా వాడలో సూది వేయనివాడు డాక్టరే కాడు. వెంటనే ఇంట్లో మల్లన్న పట్నం వేయించారు. ఆ రంగుల ముగ్గు ముందు ఒగ్గువాళ్లు డోలు కొడుతూ తెల్లవార్లూ కథ చెప్పారు. మొక్కున్నవాడు కన్ను మూయకూడదట. నిద్ర లేక చస్తున్నవాడికి జాగారం వైద్యం! తూగినప్పుడల్లా ముఖాన నీళ్లు చల్లారు. మర్నాడంతా చుట్టాల సందడి. సాయంత్రం అలాగే షెడ్డుకు పోయాడు. నిలబడే కునికాడు. కుడిచెయ్యి యంత్రం బెల్టులో పడింది. దవాఖానలో మణికట్టు దాకా తీసేశారు.

ఇప్పుడు ఏ పాళీ లేదు. సరోజన వేరేవాళ్లింటికి పోయి నేస్తోంది. గదిలో చప్పుడే లేదు. నేను ఎప్పుడు పోయినా ఆయన మంచం మీద కళ్లు తెరిచే ఉంటాడు.

"జర పండుకోరాదే అన్నా, ఎవ్వరూ లేపరు" అన్నాను మొన్న.

"కునికితెనే గద తమ్మీ చెయ్యి పోయింది," అన్నాడు పర్శరాములు. "కన్ను మూయాల్నంటే బుగులైతాంది."