ఉస్తాద్ జేబులో మా ఫ్యూజులు

వికారాబాద్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఎనిమిది దాటింది. ముసురు పట్టి ఉంది. ఎనభైల మొదటి ఏళ్లు. కెప్టెన్, మెకానిక్, నేను, ఇంకో ఆపరేటర్ సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చాం. రెండు ట్రక్కులు రోడ్డు మీద వచ్చి స్టేషన్ బయట తడుస్తున్నాయి. ఆర్డరు రెండు ముక్కల్లో చెప్పారు. ఒక ట్రక్కు అనంతగిరి గుట్ట మీద. ఒకటి తాండూరు అవతల. నడుమ నలభై కిలోమీటర్ల దాకా గాలి. ఆ గాలిలో కొత్త వైర్‌లెస్ సెట్టును ఆరు వారాలు పరీక్షించాలి.

మా ఊళ్లో వాళ్లు నన్ను మంచు కొండల గురించి అడుగుతారు. అక్కడా పనిచేశాను. కానీ నేను చెప్పేది ఈ ఆరు వారాల సంగతే.

కెప్టెన్, రెండో ఆపరేటర్ గుట్ట మీద ఉండిపోయారు. మెకానిక్, నేను తాండూరు వెళ్లాం. మెకానిక్‌ది గుంటూరు వైపు. నాది బషీరాబాద్ దగ్గర పల్లె. అంటే ఫౌజులో చేరి, దేశమంతా తిరిగి, ఇంటికి బస్సు దూరంలో డ్యూటీకి వచ్చాను. తాండూరు బస్టాండులో మా ఊరి మామ ఒకాయన నన్ను యూనిఫారంలో చూసి ఆగాడు.

"ఏమిరా అల్లుడా, గింత దూరం జంగ్‌కు వచ్చినవా?"

"ఆర్డరు మామా."

"గా ఆర్డరు జర నాకు గూడ ఇప్పియ్యరాదు. బర్రెలు కాసుకుంట నౌకరి చేస్త."

మెకానిక్ వారం రోజులు నన్ను "బర్రెల ఆపరేటరూ" అని పిలిచాడు.

మా ట్రక్కును ఊరి బయట, పనికిరాని రాతి చెక్కలు పోసి పోసి గట్టిపడిన దిబ్బ మీద నిలిపాం. చుట్టూ కంది చేలు. ఏరియల్ కర్ర ముప్పై అడుగులు. గుట్ట వైపు చూపుకు అడ్డం లేదు.

సెట్టు సంగతి సులువుగా చెబుతాను. పాత పద్ధతిలో వేలితో మోర్స్ మీట కొట్టి ఒక పేజీ పంపాలంటే అరగంటకు పైనే. ఈ సెట్టు ఇరవై సెకన్లలో పంపుతుంది. పేజీని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు నంబరు వేసి వదులుతుంది. ఇవతలి సెట్టు ఒక్కో ముక్క అందగానే "వచ్చింది" అని తనంతట తానే జవాబిస్తుంది. రాకపోతే "ఏడో నంబరు మళ్లీ పంపు" అంటుంది. మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ముక్కలు ఎందుకు పోతాయి? మాకు పెద్ద శత్రువు వాన కాదు. రాళ్లు పాలిష్ చేసే మోటార్లు. అవి తిరిగినప్పుడల్లా హెడ్‌ఫోన్లలో నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. ఊళ్లో కరెంటు పోతే అందరూ తిట్టుకునేవాళ్లు. మాకు మాత్రం ఒక్క ముక్కా పోయేది కాదు.

కెప్టెన్ ఒక ఏర్పాటు చేశారు. మాటలన్నీ అంకెలుగా మారి వస్తాయి కనుక, ప్రతి అయిదు ముక్కల తరవాత ఆ అయిదింటి మొత్తాన్ని ఆరో ముక్కగా పంపడం. మూడు అంకెలతో చూపిస్తాను. నాలుగు, ఏడు, అయిదు. మొత్తం పదహారు. నడుమది పోయిందనుకోండి. పదహారులోంచి నాలుగు, అయిదు తీసేస్తే ఏడు దొరుకుతుంది. మళ్లీ పంపమని అడగనక్కర్లేదు. ఈ తీసివేత సెట్టు చెయ్యదు, నేను కాగితం మీద చేసేవాణ్ణి. నేను ఏడో తరగతితో ఆపిన వాణ్ణి. లెక్కలు ఆ తరవాత సొంతంగా నేర్చుకున్నాను. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది.

రెండు ముక్కలు పోతే మాత్రం ఈ లెక్క పనిచేయదు. నాలుగు ఒక్కటే మిగిలింది, తక్కిన రెండూ కలిపి పన్నెండు. ఏడూ అయిదూ కావచ్చు, ఆరూ ఆరూ కావచ్చు, తొమ్మిదీ మూడూ కావచ్చు. అప్పుడు అడగాల్సిందే. ఊహించి నింపకూడదు. కెప్టెన్ మొదటి రోజే చెప్పారు: "ఖాళీ ఉంటే నాకు కనపడుతుంది. తప్పు నింపితే కనపడదు."

రెండో వారంలో మా దిబ్బకు నూరు గజాల దూరంలో ఒక రైతు బావి తవ్వించడం మొదలుపెట్టాడు. అడుగున రాయి పగలగొట్టడానికి తూటాలు పేల్చే మనిషి తాండూరు వాడే. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నలభై దాటినవాడు. భార్య, ఇద్దరు కూలీలు వెంట వచ్చేవాళ్లు. మొదటి రోజు పని మొదలుపెట్టకుండా నేరుగా మా దగ్గరికి వచ్చాడు.

"సాబ్, గా పొడుగు కర్ర ఏంది?"

చెప్పాను.

"మా తూటాలు కరెంటుతోని పేలుతయి. తీగలల్లకెళ్లి పోయే కరెంటే గాదు, గాలిలకెళ్లి వచ్చేది గూడ తూటాకు తగిలితే పేలుతదని నాకు పని నేర్పినాయన చెప్పిండు. నిజమేనా?"

"నిజమే. మాకూ గదే రూలు."

ఒప్పందం చేసుకున్నాం. తూటాలకు తీగలు కట్టే ముందు అతను బావి ఒడ్డున పాతిన కర్రకు ఎర్రగుడ్డ కడతాడు. నేను గుట్టకు "మౌనం" అని ఒక్క మాట పంపి, పంపే సెట్టు ఆపేస్తాను. వినే సెట్టు మాత్రం నడుస్తుంది. జవాబు లేకుండా ఎంత అందుతుందో చూద్దామని ఆ సమయంలోనే కెప్టెన్ ఎక్కువ పంపేవారు. పేలాక గుడ్డ దిగేది; మౌనం ఎప్పుడూ పావుగంట దాటేది కాదు. చాలా రోజులు ఇలాగే నడిచింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం గుడ్డ లేచింది. మౌనం చెప్పాను. ఉస్తాద్ పేల్చే డబ్బా పిడి తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. లేదు. అరగంట ఆగాడు. తరవాత తడుస్తూ ట్రక్కు దగ్గరికి వచ్చాడు.

"లోపల తీగ తెగినట్టుంది. దిగి చూడాలె. డబ్బా పిడి తీసి నా జేబుల పెట్టుకున్న. దిగేటోని దగ్గరనే పిడి ఉండాలె, అది మా కాయిదా. నీ సెట్టు పిడి ఏది?"

"సెట్టుకు పిడి ఉండదు ఉస్తాద్. స్విచ్చు బందు చేసిన."

"స్విచ్చు ఎవరన్న ఏస్తరు. తీసి చేతిల పెట్టేది ఏమన్న ఉన్నదా?"

పంపే సెట్టు ఫ్యూజు ఊడదీసి ఇచ్చాను. వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గిదొక్కటేనా?"

"డబ్బీల ఇంకో నాలుగున్నయి."

"అవ్వి గూడ తే. పరేషాన్ గాకు, మల్ల ఇస్త. గీటిని నేనేం చేసుకోను, పప్పుల ఏసుకుంటనా?"

అయిదూ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. తాడు పట్టుకుని దిగాడు. బావి అప్పటికి ముప్పై అయిదు అడుగుల లోతు.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. గుట్ట నుంచి సందేశం వస్తోంది. ఊళ్లో మోటార్లు తిరుగుతున్నాయి. మూడో వరుసలో రెండు ముక్కలు పోయాయి. ఆ వెంటనే అచ్చయిన మాటలు: "జవాబు వెంటనే కావాలి." దేనికి జవాబో పోయిన ముక్కల్లో ఉంది. అదే మాట గుట్ట మళ్లీ పంపింది. ఆ రెండు ముక్కలూ మళ్లీ పోయాయి. జవాబు బాకీ ఉందని సెట్టు మీద పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. సిగ్నల్స్‌లో పనిచేసినవాడికి ఆ దీపం ఎలా ఉంటుందో చెప్పలేను. పక్క గదిలో పసిపిల్ల ఏడుస్తుంటే కదలకుండా కూర్చున్నట్టు.

మెకానిక్ డీజిల్ కోసం ఊళ్లోకి పోయినవాడు అప్పుడే తిరిగొచ్చాడు. ఎర్రగుడ్డ వానకు కర్రకు చుట్టుకుపోయింది, అతనికి కనపడలేదు. వెనక తలుపులోంచి ఎక్కాడు. పచ్చ దీపం చూశాడు. పంపే సెట్టు చచ్చి ఉంది. నా చెవులకు హెడ్‌ఫోన్లు, వీపు అతని వైపు. మంచి మెకానిక్. ఫ్యూజు లేదని ఒక్క చూపులో పట్టేశాడు. డబ్బీ తీశాడు, ఖాళీ. సిగరెట్ పెట్టెలోంచి తళుకు కాగితం చింపి, సన్నగా మెలిపెట్టి ఫ్యూజు ఉండే చోట దూర్చాడు. అలా ఎన్ని సెట్లు బతికించాడో లెక్కలేదు.

ట్రక్కు ఊగినట్టనిపించి తల తిప్పాను. అతని కుడిచెయ్యి స్విచ్చు మీద ఉంది. స్విచ్చు వేస్తే చాలు, బాకీ ఉన్న జవాబు సెట్టే పంపేస్తుంది.

మణికట్టు పట్టుకున్నాను. హెడ్‌ఫోన్ల తీగ తెగింది.

"ఏంటిరా! నీకేమన్నా పిచ్చా?"

"బావిల మనిషున్నడు!"

"ఎవరు?"

"ఉస్తాద్. తూటాల మీద ఉన్నడు."

మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తళుకు కాగితం ఊడబీకి, ఉండ చేసి, ఎక్కడ పడెయ్యాలో తెలియనట్టు పిడికిట్లోనే పట్టుకున్నాడు. అన్నాడు: "ఫ్యూజు లేకపోతే ఎవడైనా ఏం చేస్తాడు? అదేగా చేస్తాడు." నిజమే. మా కొలువులో ఎవరైనా అదే చేస్తారు. ఏరియల్ తీగ సెట్టు నుంచి విప్పి చేత్తో పట్టుకున్నాను. ఇద్దరం ట్రక్కు దిగి వానలో నిలబడ్డాం.

మూడున్నరకు ఉస్తాద్ పైకి వచ్చాడు. తెగిన తీగ ముడివేశాడు. అందరూ దూరం జరిగాక పిడి తిప్పాడు. ఆరు తూటాలూ పేలాయి. బురద మా ట్రక్కు అద్దం మీద దాకా పడింది. ఫ్యూజులు లెక్కపెట్టి ఇచ్చాడు. జరిగింది చెప్పాను. అతను మెకానిక్ వైపు చూసి, "సిగరెట్లు గూడ అడగాలెనా ఇగ?" అన్నాడు. మెకానిక్ పెట్టె మొత్తం తీసి అతని చేతిలో పెట్టాడు.

ఫ్యూజు, ఏరియల్ తగిలించి సెట్టు పెట్టి, పోయిన రెండు ముక్కలు అడిగాను. సెకనులో వచ్చాయి. రేపు ఎంత డీజిల్ కావాలని అడిగారు, అంతే. "ఇంతసేపు ఎందుకు పలకలేదు?" అని స్పీకర్లో కెప్టెన్ గొంతు వచ్చింది. చెప్పాను. "డీజిల్ ఎంత?" అన్నారు.

ఆరు వారాలయ్యాక ధారూర్ మీదుగా వికారాబాద్, అక్కణ్ణుంచి సికింద్రాబాద్ చేరాం. పరీక్ష బాగానే జరిగిందన్నారు. కొన్నేళ్ల తరవాత పింఛను తీసుకుని ఊరికి వచ్చేశాను.

కానీ ఆ మధ్యాహ్నం ట్రక్కు దిగినప్పుడు చూసింది నన్ను వదలలేదు. బావి ఒడ్డున ఉస్తాద్ భార్య, అతను దిగిన తాడు నడుముకు చుట్టుకుని, మడమలు బురదలో తన్నిపెట్టి నిలబడి ఉంది. కూలీలు బావిలోకి తొంగి చూస్తున్నారు. ఆమె అటు చూడడం లేదు. వాన కళ్లలో పడుతున్నా రెప్ప వేయకుండా తలెత్తి మా ఏరియల్ కొసనే చూస్తోంది.