జూలైలో డిసెంబర్ పాటలు

నా చిన్నప్పుడు డిసెంబర్ పాటలు మా ఇంట్లో జూలైలోనే వినిపించాయి. నవ్వకు, మీ అమ్మమ్మ నిజంగానే చెప్తోంది. మస్కట్‌లో, అజైబా అనే పేటలో మాది కింది వాటా. పై వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. సికింద్రాబాద్ మనిషి. మా నాన్న ఎలక్ట్రీషియన్‌గా చేసే హోటల్లోనే ఆయన సాక్సోఫోన్ వాయించేవాడు. అమ్మానాన్నలకు ఆయన మాస్టర్ సాబ్, నాకేమో తాతయ్య. జాజ్ అనే మాట మొదట విన్నది ఆయన నోటనే. అంటే ఏమిటని అడిగితే, "ఏం లేదు బేటీ, ఇల్లు అదే, రోజుకో గల్లీల నుంచి ఇంటికి పోవుడు" అన్నాడు.

క్రిస్మస్ వచ్చిందంటే హోటల్‌కొచ్చే వాళ్లు ఏటా అవే పాత చలికాలపు పాటలు అడిగేవారట. మంచు, గంటలు, ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల పండుగ. నలభై ఏళ్లుగా జనం కోసం వాయించిన ఆ పాటలన్నీ తన పేరుతో ఒక్క క్యాసెట్‌గా చూసుకోవాలని తాతయ్య కోరిక. ఆగస్టుతో ఆయన వీసా అయిపోతుంది. ఊపిరి కూడా మునుపటిలా నిలవడం లేదు. పండుగకి క్యాసెట్ బయటికి రావాలంటే ఎండాకాలంలోనే రికార్డు చేయాలి. హోటల్లో సౌండ్ చూసుకునే మలయాళీ అన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం మెషీన్ తెస్తానన్నాడు. మర్నాడే అతను సెలవు మీద ఊరికెళ్తున్నాడు. కాబట్టి ఆ శుక్రవారం తప్పితే ఇక లేదు.

ఆ పొద్దున తాతయ్య సామాను తేవడానికి బయటికెళ్తూ, ఎప్పటిలాగే తాళం మా ఇంట్లో ఇచ్చాడు. రికార్డింగ్ రోజు కదా, గది శుభ్రం చేసిపెడదామని నాకు బుద్ధి పుట్టింది. నాకప్పుడు పదేళ్లు. ఊడ్చాను, తుడిచాను. బల్ల మీద గాజు గ్లాసులో, నీళ్లలో మూడు సన్నటి వెదురు పుల్లల్లాంటివి కనిపించాయి. వాటిని రీడ్ అంటారు. సాక్సోఫోన్ నోటి దగ్గర అది బిగిస్తేనే, అది అదిరితేనే శబ్దం వస్తుంది. అవి బాగా వాడి వాడి నల్లబడి ఉన్నాయి. మా అమ్మ నేర్పిన పాఠం నాకు ఒకటే తెలుసు: నోట్లో పెట్టుకునేది ఏదైనా తోమాలి, ఎండలో ఆరాలి. చెంచాలు, ఊరగాయ జాడీలు, పాలసీసాలు మా ఇంట్లో అన్నీ డాబా మీదికే వెళ్లేవి. సరే, వీటినీ గిన్నెల పౌడర్‌తో తెల్లగా తోమి, డాబా పిట్టగోడ మీద వరసగా పెట్టాను. మస్కట్ జూలై ఎండ! పావుగంటలో వంకర్లు తిరిగాయి. ఒకటైతే నిలువునా చీలింది.

తాతయ్య వచ్చి, ఖాళీ గ్లాసు చూసి, నన్ను వెతుక్కుంటూ డాబా ఎక్కాడు. నేను నీళ్ల ట్యాంకు వెనక నక్కి ఉన్నాను. ఆయన ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ట్యాంకు వైపు తిరిగి, "అప్పడాలు అనుకున్నవా బేటీ?" అన్నాడు. అంతే. నా ఏడుపు విని అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నీ చేతులు ఊకుండయా? మాస్టర్ సాబ్‌కు మేం మొహమెట్ల జూపాలె? ఇగ పైకొచ్చినవనుకో, కాళ్లిరగ్గొడ్త!" అని రెక్క పట్టి లాగింది.

తాతయ్య అడ్డం వచ్చాడు. "ఆగమ్మా. బాజాకు ఇంకొక రీడ్ బిగించి ఉన్నది. కొత్తది, గట్టిగుంటది, ఎండితే అసలే పలకది. పాటకూ పాటకూ నడుమ దాన్ని తడపాలె. అది చూసుకునేతందుకు నాకొక మనిషి కావాలె. ఈ పిల్లనియ్యి."

"దీనికే ఇస్తరా మళ్ల?" అమ్మ నోరు తెరిచింది.

"ఎండల పెడితే రీడ్ ఏమైతదో ఈ బిల్డింగుల దీనికన్న ఎక్కువ ఎవరికి తెలుసు చెప్పు?"

మధ్యాహ్నం నమాజు అయ్యి, రోడ్డు సద్దుమణిగాక మొదలుపెట్టారు. ఏసీ మోత టేపులో పడుతుందని నాన్న ఏసీల లైను మాత్రం ఆపేశాడు. కిటికీలు మూసి వాటి మీద దుప్పట్లు కట్టారు. గది కొలిమిలా ఉంది. చొక్కా తడిసి ముద్దవుతుంటే ఆయన మంచు పాటలు వాయించాడు. కొత్త రీడ్‌కి ఊపిరి ఎక్కువ కావాలి, ఆయనకేమో తక్కువ ఉంది. అందుకని హుషారు పాటలు కూడా నెమ్మదిగా, కింది స్వరాల్లో వాయించాడు. సౌండ్ అన్న, "క్యా మాస్టర్, ఇత్నా స్లో?" అని ఆశ్చర్యపోయాడు. "ఉమర్ హో గయీ" అన్నాడు తాతయ్య, వయసైపోయిందని. నా పేరు ఎత్తలేదు.

మొదటి పాట అవగానే రీడ్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. నీళ్లలో వేసి ఇరవై లెక్కపెట్టాలి, తీసి అంచు తగలకుండా బొటనవేలితో తుడవాలి. అంచు చిట్లిందంటే క్యాసెట్ లేదు. లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆయన మాత్రం నాకు వీపు తిప్పి, దుప్పటి కట్టిన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడ చూడ్డానికేముంది, దుప్పటి తప్ప! ఒక్కసారి కూడా, జాగ్రత్త అనలేదు. వెనక్కి చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. రెండో పాటకీ అంతే, మూడో పాటకీ అంతే. నాలుగోసారికి నా లెక్క తప్పలేదు.

పది పాటలు అనుకున్నారు, ఎనిమిదయ్యాయి. ఆరో పాటలో ఒక చోట రీడ్ కీచుమంటుంది. అది నా వల్లో, ఆయన ఊపిరి వల్లో ఇప్పటికీ తెలియదు. ఆగస్టులో ఆయన వెళ్లిపోయాడు. డిసెంబర్‌లో నాన్న పేరున పోస్టులో ఆ క్యాసెట్ వచ్చింది. అమ్మ దాన్ని పొద్దున్నే పెట్టుకుని, బియ్యం ఏరుతూ వినేది. ఆ కీచు దగ్గర ఇద్దరం తలెత్తకుండా పని చేసుకునేవాళ్లం.

నాకు తిట్టడం రాదని కాదు, ఎవరైనా ఏదైనా పాడుచేస్తే నోటిదాకా వస్తుంది. కానీ మీ అమ్మ తన పదేళ్లప్పుడు సంతలో చెల్లెలి చెయ్యి, అదే మీ పిన్ని చెయ్యి, వదిలేసింది. గంటసేపు దొరకలేదు ఆ పిల్ల. ఇంటికొచ్చాక మీ అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు బడికి పంపేటప్పుడు మీ పిన్ని చెయ్యి మళ్లీ మీ అమ్మ చేతిలోనే పెట్టాను. వీధి చివరిదాకా నిలబడి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా తలుపు దగ్గరికేసి, వాళ్ల అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా, గోడకేసి తిరిగి నిలబడ్డాను.