పదకొండో ప్రశ్న

నా చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాదే. దాని మీద నా పేరేమీ రాసి లేదు. బడి వదలగానే వచ్చి దీపాలు పెట్టేదాకా అందులో కూర్చునేది నేనొక్కదాన్నే కాబట్టి అట్లా అనుకునేదాన్ని. మాది కడప జిల్లాలో ఒక చేనేత ఊరు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతుండేది. పన్నెండేళ్ళకే మూడు బీరువాల పుస్తకాలు, అర్థమైనవీ కానివీ కలిపి చదివేశానని నాకు చెప్పలేనంత గర్వం.

ఒక వేసవిలో ఆ కుర్చీలో పక్కింటి అక్క వచ్చి కూర్చుంది.

అక్క కర్నూలులో పెద్ద చదువు చదువుతుండేది. ఆ సెలవులకు ఒక పరిశోధన పని వెంటబెట్టుకుని వచ్చింది. మా చేనేత వీధుల్లో కొందరికి బతుకు మీద ఆశ ఎందుకు పోతోంది, ఆత్మహత్య ఆలోచనలో ఉన్న మనిషిని ముందుగా ఎట్లా గుర్తుపట్టాలి, ఎట్లా నిలుపుకోవాలి అన్నది దాని విషయం. ఆమెకు దారి చూపడానికి ఒక సారు ఉండేవాడు. మనసు జబ్బులకు వైద్యం చేసే డాక్టరు, కాలేజీలో పాఠాలు కూడా చెప్పేవాడు. రెండు వారాలకొకసారి ఆదివారం బస్సు దిగి నేరుగా లైబ్రరీకి వచ్చేవాడు. అక్క రాసిన కాగితాలన్నీ ముందర వేసుకుని, ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి, మళ్ళీ రాయమనేవాడు.

నాకు అసూయ పుట్టింది కుర్చీ కోసం కాదు, ఆ ఎర్రసిరా కోసం. నేను అన్ని పుస్తకాలు చదివితే తప్పు చదివావని చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు. నా తప్పులు దిద్దడానికి కర్నూలు నుంచి ఎవరు బస్సెక్కి వస్తారు? ఒకరోజు సారు నన్ను చూసి ఎవరీ పాప అని అడిగాడు. "పక్కింటి పాపే సార్, శానా చదువుతాది" అంది అక్క. ఆయన నవ్వి మళ్ళీ కాగితాల్లో పడ్డాడు. ఆ నవ్వు నాకు వారం రోజులు మంట పెట్టింది.

తర్వాతి సారి అక్క ఆయన్ను బస్సెక్కించడానికి పోయినప్పుడు, బల్ల మీద వదిలిన నోటుపుస్తకంలోంచి ఆమె ప్రశ్నలు ఎత్తి రాసుకున్నాను. పదకొండు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, మనసులో మాట ఎవరితో చెప్పుకుంటావు, ఇట్లాంటివి పది. పదకొండోది, చచ్చిపోతే బాగుండని అనిపిస్తోందా అని. పేజీ వెనక కూడా ఏదో రాసి ఉంది. అంతలో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైతే తిప్పకుండానే మూసేశాను. అక్క కంటే ముందే వీధంతా అడిగి, జవాబులు రాసి, సారు చేతిలో పెట్టాలన్నది నా పంతం.

మరుసటి రోజు పొద్దున మొదటి ఇంట్లోనే చుక్కెదురైంది. నిద్ర పడుతోందా అని అడిగితే, నేస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆపకుండా, "ఈడ కూచ్చోని రెండు మూరలు నెయ్యి, నీకూ బాగా పడ్తాది" అని పక్కున నవ్వింది. పని మీద ఉన్నవాళ్ళు ఎవరూ చెప్పరని తెలిసింది. అందుకే మగ్గం ఆగిన ఇంటికి పోయాను.

మా వీధిలో ఒక మర్యాద ఉండేది. ఎవరింట్లోనైనా మగ్గం చప్పుడు ఆగితే ఆ గుమ్మం తొక్కకూడదు. పోతే, ఎందుకు ఆగిందో ఆ ఇంటివాళ్ళు నోరు తెరిచి చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ చిన్నతనం వాళ్ళకు పెట్టకూడదని పెద్దలు చూడనట్టు దాటిపోయేవాళ్ళు. మూలింటి పెద్దనాయన మగ్గం ఆగి నెల దాటింది. చూపు మందగించి పోగులు కనపడటం లేదు. ఆయన భార్య ఆ ఏడే చనిపోయింది.

"రా పాపా, ఈ ఇంట్లోకి మనిషొచ్చి నెలాయె" అన్నాడాయన. నేను కాగితం తీసి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివాను. పదింటికి ఒకటి రెండు మాటల్లో చెప్పాడు. పదకొండోది కూడా అదే గొంతుతో చదివాను. ఆయన ఆగిన మగ్గం మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"రోజూ అనిపిస్తాండాది పాపా. అడిగినది నువ్వొక్కదానివే."

నా పెన్సిలు ఆగిపోయింది. ఈ జవాబు విన్నాక ఏం చెయ్యాలో నేను చదివిన మూడు బీరువాల్లో ఎక్కడా లేదు. లేచి నిలబడ్డాను. "పోతాండావా?" అన్నాడు. ఇప్పుడే వస్తానని చెప్పి పరుగెత్తాను.

ఒప్పుకోవడానికి ఈ వయసులో కూడా సిగ్గుగా ఉంది. అక్క ఇంటి ముందు కాసేపు ఆగాను. చెబితే నా దొంగతనం బయటపడుతుంది, ఆ జవాబు కూడా అక్కదైపోతుంది. చెప్పకపోతే ఆయన సంగతి? కాగితం అక్క చేతిలో పెట్టేశాను. బట్టలు పిండుతున్న అక్క దాన్ని చదివి తిట్టలేదు. "ఆయన్ను ఒక్కణ్ణే ఇడిసిపెట్టి వస్తివా?" అని మాత్రం అడిగి, తడి చేతులతోనే నన్ను లాక్కుని పరుగెత్తింది.

ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. అక్క మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. నోటుపుస్తకం తేలేదు. ఈ పొద్దు కూడా అట్లే అనిపిస్తోందా పెద్దనాయనా అని మెల్లగా అడిగింది. ఆయన ఏడ్చాడు. అక్క ఊరుకోమనలేదు, ధైర్యం చెప్పలేదు, మధ్యాహ్నందాకా అట్లాగే కూర్చుంది. తర్వాత ఆయన్నే అడిగి, సరేనన్నాకే మా నాయనకు, ఎదురింటివాళ్ళకు చెప్పింది. ఆ రోజంతా వంతులేసుకుని ఎవరో ఒకరు ఆయన దగ్గరే ఉన్నారు. పోస్టాఫీసు నుంచి అక్క సారుకు ఫోను చేసింది. మరుసటి పొద్దున మొదటి బస్సుకు కర్నూలు తీసుకుపోయారు. కంటికీ మనసుకూ రెండిటికీ వైద్యం జరిగింది. ఒక్కసారిగా ఏమీ కాలేదు, చాలా నెలలు పట్టింది. ఆయన తిరిగి మగ్గం గుంతలో దిగి నేత మొదలుపెట్టాడు. నా పెళ్ళి భోజనంలో పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

నేను అడగడం వల్లే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందేమోనని నాకు భయం పట్టుకుంది. అక్కతో అంటే, "నువ్వు అడిగినందుకు రాలేదు పాపా. అది ముందే ఉండాది. నువ్వు అడిగినందుకు మనకు తెలిసె" అంది. తర్వాత నోటుపుస్తకం తెచ్చి నేను తిప్పని పేజీ తిప్పింది. అక్కడ సారు ఎర్రసిరాతో రాసి ఉంచాడు: పదకొండో ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు విన్నాక లేచిపోకూడదు. అక్క కూడా మొదటిసారి వేరే వీధిలో అట్లాంటి జవాబే విని లేచి వచ్చేసిందట. నేను అంత కుళ్ళుకున్న ఎర్రసిరా వెనక అక్క తలవంచుకున్న రోజు ఒకటి ఉంది.

ఆ తర్వాత నేను ఎన్నో బీరువాలు ఖాళీ చేశాను. కానీ ఎదుటి మనిషి ముఖం వాడిపోయి కనిపిస్తే చూడనట్టు దాటిపోను. పోయి కూర్చుని, సూటిగా ఆ మాటే అడుగుతాను. మొన్న మా వీధిలో ఇంటర్ తప్పిన పిల్లను అడిగాను. ఔనంది. ఆ పిల్లను మా వంటింట్లోనే కూర్చోబెట్టుకుని, పొయ్యి ఆర్పి, వాళ్ళమ్మ వచ్చేదాకా పక్కనే ఉన్నాను. కాకపోతే మధ్యలో మాట్లాడకుండా ఉండలేక ఏదో పుస్తకంలో చదివింది చెప్పబోయాను. "అవ్వా, ఊరికే ఉండు" అంది ఆ పిల్ల. ఊరికే ఉన్నాను. అక్కకు అంత చిన్న వయసులోనే అది ఎట్లా చేతనైందోనని, ఆమె మీద అసూయ నాకింకా తగ్గలేదు.