గుండె దడ తగ్గేదాకా

ఆ రోజుల్లో నాకు బరువులెత్తడమే లోకం. జిమ్‌కు వెళ్లే ముందు తాగితే బలమొస్తుందని స్నేహితుడిచ్చిన పొడిని, ఒక పొద్దున కోడూరు నుంచి బందరు వెళ్లే బస్సులో నీళ్లలో కలుపుకుని ఖాళీ కడుపున తాగేశాను. చెప్పినదానికి రెండింతలు వేసుకున్నాను కూడా.

అవనిగడ్డ దాటేసరికి ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. గుండె దడదడలాడుతోంది. కిటికీ బయట వరిచేలు మంచులో తేలిపోతున్నాయి. ఇక్కడే పోతానేమో అనిపించింది.

పక్క సీట్లో ఖాళీ చేపలబుట్ట ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ నేను గుండె పట్టుకోవడం చూసింది.

"ఏమైంది బాబూ?"

"గుండె పరిగెడుతోందండీ. బలానికని ఏదో పొడి తాగాను."

ఆవిడ తన సీసాలోని నీళ్లు నా చేత తాగించింది. బుట్ట కింద పెట్టి, నా చేతిని తన రెండు చేతుల మధ్య ఉంచుకుంది.

"బస్సు వెళ్తోందిగా నాయనా. నువ్వు కూడా పరిగెత్తడం ఎందుకు?"

ఆ చేతులు చల్లగా ఉన్నాయి. చేలూ కాలువలూ వెనక్కి జారిపోతుంటే దడ మెల్లగా తగ్గింది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. లేచేసరికి బందరు వచ్చింది. ఆవిడ అప్పటికే దిగిపోయింది.

ఆ రోజు జిమ్‌కు వెళ్లలేదు. మర్నాడు పొడి లేకుండానే, తక్కువ బరువు పెట్టుకుని ఎత్తాను. ఎత్తుతుంటే నా ఊపిరి నాకు వినిపించింది.