‘ఫిట్’ అని రాసింది నేనే

సహోదరులారా, నన్ను మంచివాడని ఈ సంఘంలో కొందరు అనుకుంటున్నారు, ముందు ఆ పొరపాటు సరిచేయనివ్వండి.

2012లో నేను మాంచెస్టర్ దగ్గర ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుని. శనివారం మ్యాచ్, ఆదివారం గాయపడ్డవాళ్లకు వైద్యం, ఇక చర్చి ఎక్కడిది, తెలుగు మాట చెవిన పడకుండానే వారాలు గడిచిపోయేవి! నాలాగే ఒంటరి ఇంకొకడున్నాడు, ముప్పై మూడేళ్ల జర్మన్ డిఫెండర్. తన దేశంలో పెద్ద మైదానాల్లో ఆడి, భార్యాబిడ్డలను అక్కడే వదిలి, చివరి సీజన్లు ఆడుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. నా చికిత్స బల్ల మీద పడుకుని కూతురి ఫొటో చూసుకునేవాడు.

మ్యాచ్ రోజు ఉదయం గాయమున్న ఆటగాణ్ణి పరీక్షించి, ఆడొచ్చో లేదో నేను రాసివ్వాలి. ఒక శనివారం ఆ జర్మన్ ఆటగాడి మోకాలు వాచి ఉంది, నా చేతికి తెలుస్తూనే ఉంది! కానీ మేనేజర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు, నా వీసా ఆ క్లబ్బు చేతిలో ఉంది, ఆ ఆటగాడేమో నొప్పి లేదంటున్నాడు. ‘ఫిట్’ అని రాసేశాను. ఇరవై నిమిషాలకు, ఎవరూ తాకకుండానే, ఆయన మైదానంలో కుప్పకూలిపోయాడు. ఆ మోకాలితో ఆయన మళ్లీ ఆడలేకపోయాడు, ఆటజీవితమే అక్కడితో ముగిసింది.

‘ఫిట్’ అని ఎందుకు రాశావని నన్ను ఒక్కరూ అడగలేదు. అదే నన్ను తినేసింది. పని నుంచి రాగానే ఫ్లాట్ తలుపేసుకుని తాగేవాణ్ణి, అక్కడి తెలుగు సంఘం పెద్ద ఒక అంకుల్ ఆరాధనకు రమ్మని ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని బొంకేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, సీసా ముందు పెట్టుకుని, ఎందుకో మోకరించాను. “ప్రభువా, తాగుడు మాన్పించమని అడిగే మొహం కూడా లేదు నాకు. ఆ మనిషి ముందు నిజం చెప్పే ధైర్యం ఇవ్వు, అంతే చాలు” అని ఏడ్చాను. లేచి, ట్రామెక్కి, ఆయన ఫ్లాట్‌కి వెళ్లి అంతా చెప్పేశాను.

ఆయన నాకు కుర్చీ చూపించి, “ఆ రోజు నొప్పి మాత్రలు మింగి వచ్చాను. నువ్వు ఆపేస్తావేమోనని భయం. ఆపితే బాగుండునని కూడా అనిపించింది, నా అంతట నేను ఆగలేక” అన్నాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం!

సోమవారం క్లబ్బులో ఒప్పుకున్నాను, ఉద్యోగం పోయింది. తర్వాత దేవుడు బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో పని చూపించాడు. ఆ ఆదివారం నుంచి మందు ముట్టలేదు, దేవునికే మహిమ! ఆ మోకాలు బాగుచేయమని కూడా ఎంతో ప్రార్థించాను, అది మాత్రం ఆయన ఇవ్వలేదు.

మీలో ఎవరైనా ఒక తప్పును దాచుకుని ఒంటరిగా కూర్చుని ఉంటే, దేవుణ్ణి నమ్మి ఈరోజే వెళ్లి చెప్పండి. తలుపు తీసే మనిషి కూడా మీ కోసమే ఎదురుచూస్తున్నాడేమో.