పళ్ళ వైద్యానికి నేను పనికొస్తానా

పోయిన వారం మా పక్కింటావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, ఆ పిల్లకి ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు చెప్పి, దీనికి దంతవైద్య కళాశాలలో సీటు వస్తుందో రాదో మీరే చెప్పాలండీ అని కూర్చుంది. జీవితమంతా బరంపురం జనం నోళ్ళలోకి తొంగి చూస్తూ బతికినవాణ్ణి కనుక ఈ సంగతి నాకు తెలిసే ఉంటుందని ఆవిడ నమ్మకం. నిజానికి నాకేమీ తెలియదు. ర్యాంకులూ కౌన్సెలింగులూ నా కాలం తర్వాతివి. ఆవిడ మాట్లాడినంతసేపూ ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, ఒక కాలు ఆపకుండా ఆడిస్తూనే ఉంది. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతుంటే, అలాగే కాలు నిలవక నేను తిరిగిన ఒక ఎండాకాలం కళ్ళముందుకొచ్చి నిలబడింది.

అప్పటికి మా గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఉంటుందా, ఒరిస్సాలో కలిసిపోతుందా అన్న గొడవ మాత్రం బజారులో ఏ అరుగు మీద చూసినా నలుగుతూనే ఉండేది. మా నాన్నగారిది పెద్ద బజారులో పసుపు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. మా ఇంట్లో పుట్టిన ప్రతివాడూ నడక రాగానే కొట్లోకి నడిచినవాడే. ఇక పళ్ళంటారా, అవి ఒంట్లో ఒక భాగమనీ వాటికీ ఒక వైద్యుడు ఉంటాడనీ ఆ రోజుల్లో ఎవరం అనుకున్నాం? నొప్పి వస్తే లవంగం, తగ్గకపోతే ఉప్పునీళ్ళు, అప్పటికీ తగ్గకపోతే సంతరోజున పటకారు పట్టుకుని కూర్చునే మంగలి, అంతే కదా. నా ఈడువాళ్ళకి ఆ పటకారు గుర్తుండే ఉంటుంది.

మా అప్పని ఆ పటకారే పొట్టన పెట్టుకుంది. అప్ప అంటే మా వైపు అక్క. ఆమెను దిగపహండిలో ఇచ్చారు. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆమె దవడపన్ను పీకించుకుంది. సగం విరిగి లోపలే ఉండిపోయిందట. దవడ వాచి, జ్వరం ముదిరి, బండిలో పడుకోబెట్టి మా ఇంటికి తీసుకొచ్చేసరికి గొంతులోకి నీళ్ళు కూడా దిగడం లేదు. ఆస్పత్రి డాక్టరుగారు వచ్చి చూసి, చాలా ఆలస్యం చేశారు, ఇలాంటివి కలకత్తాలో పళ్ళ డాక్టర్లు చూస్తారు, ఇక్కడ నేను చెయ్యగలిగింది లేదు అని తల వంచుకుని వెళ్ళారు. అప్ప మాట్లాడలేక, దవడకి చెయ్యి ఆనించుకుని నా వంక చూసిన ఆ చూపు నేను రాయలేను. ఒక పన్ను కోసం మనిషి పోతుందా అని మా అమ్మ వచ్చినవాళ్ళందరినీ అడుగుతూ ఉండేది.

ఇంటర్మీడియెట్ పాసయ్యాక, కలకత్తా వెళ్ళి పళ్ళ వైద్యం చదువుతానని నేను నోరు విప్పిన రోజున ఇంట్లో పెద్ద దుమారం లేచింది. నాన్నగారికి అన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఎంగిలి. ఊరందరి ఎంగిలిలో చేతులు పెట్టినవాడు మళ్ళీ కొట్లో కూర్చుని పసుపు తూస్తే ఎవరు కొంటారని ఆయన బాధ. మా మామ్మకి, అంటే నాన్నగారి తల్లికి, ఇంకొక భయం. నేను పుట్టు ఎడమచేతివాటం వాణ్ణి. చిన్నప్పుడు ఆవిడ నా ఎడమచేతికి గుడ్డ చుట్టి, అన్నం తినడం, పలక మీద రాయడం బలవంతంగా కుడిచేత్తో నేర్పింది గాని, సూదిలో దారం ఎక్కించాలన్నా, గాలిపటానికి పుల్ల చీల్చాలన్నా ఆ పని ఎడమచెయ్యే చేసేది. ఆ చెయ్యి తీసుకెళ్ళి పరాయివాళ్ళ నోట్లో పెడతానంటే ఆవిడ దేవుడి గదిలోంచి బయటికి రాకుండా కూర్చుంది.

నా పక్షాన నిలబడ్డది మావయ్య ఒక్కడే. చికిటిలో వ్యవసాయమూ కాస్త ధాన్యం వ్యాపారమూ చేసుకునేవాడు. ఒకచోట కూర్చుని భోజనం పూర్తిచెయ్యలేని మనిషి. అప్పని చిన్నప్పుడు భుజం మీద మోసినవాడు. సీటు వస్తుందో రాదో ముందు తెలుసుకుంటే బావ మెత్తబడతాడని ఆయన లెక్క. అందుకని నన్ను వెంటేసుకుని తెలిసినవాళ్ళందరి గుమ్మాలూ ఎక్కించాడు. కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు నా మార్కులు చూసి, చెడ్డవి కావు గాని చెప్పుకోదగ్గవీ కావన్నారు. వీధి చివర వకీలుగారు, నువ్వు మద్రాసువాడివో ఒరిస్సావాడివో తేలకుండా బెంగాలువాళ్ళు నిన్నెందుకు తీసుకుంటారని గంటసేపు వాదించారు. జ్యోతిష్కుడు మాత్రం సీటు తప్పదన్నాడు, ఏ చదువుకో మాత్రం చెప్పలేకపోయాడు. గుమ్మం దిగిన ప్రతిసారీ నా గుండె ఇంకొంచెం జారేది, మావయ్య నడక ఇంకొంచెం జోరందుకునేది.

"ఒరే, ఒకలు కాదంటే ఇంకొకల్ని అడుగుదుం. ఇంత లోకంలో తెలిసినోడు ఒకడైనా ఉండడేటి?" అనేవాడు.

ఉన్నాడు. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి కలకత్తా పెద్దమనుషులు వచ్చి హోటళ్ళలో దిగుతుండేవారు కదా, వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరుగారు ఉన్నారని ఎవరో చెప్పగానే మావయ్య జట్కా కట్టించాడు. కూలిపోయిన పాత గోదాముల పక్కనుంచి, ఆరేసిన చేపల వాసనలోంచి, మేం వెళ్ళేసరికి ఆయన హోటలు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. వృద్ధుడు, బెంగాలీ, పాన్ నమిలి నమిలి పళ్ళు ఎర్రబడినవాడు. పళ్ళ డాక్టరు పళ్ళు అలా ఉండడం చూసి మావయ్య నా వంక అనుమానంగా చూశాడు. ఆయన బెంగాలీ, మావయ్య ఒడియా మధ్యదారిలో కలుసుకున్నాయి. ఎక్కడైనా తెగిపోతే నా ఇంగ్లీషు అతుకు వేసింది.

మార్కులు విన్నారు, మా ఊరు విన్నారు. సీట్లు కొద్ది, అడిగేవాళ్ళు ఎక్కువ, ఈ మార్కులకి అవకాశం తక్కువే అని మెల్లిగా చెప్పారు. మావయ్య లేవబోయాడు. డాక్టరుగారు చేత్తో ఆగమని, నన్ను చేతులు కడుక్కోమన్నారు. నోరు పుక్కిలించి, కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, ఇందులో కదిలే పన్ను ఏదో చూసి చెప్పమన్నట్టు సైగ చేశారు.

పరాయి మనిషి నోరు, తెలియని కులం, తమలపాకు ఎంగిలి. ఇవన్నీ నాకు తర్వాత జట్కాలో గుర్తొచ్చాయి. ఆ క్షణంలో మాత్రం నాకు తట్టిందొక్కటే, నోరంటే లోపల ఇలా ఉంటుందా అని. అప్ప దవడలో ఏ మూల ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చూపుడువేలితో ఒక్కొక్క పన్నునీ తడుముతూ వెళుతుంటే కిందవరుసలో వెనకగా ఒకటి ఆవగింజంత కదిలింది. అదేనన్నాను. ఆయన లేచి నోరు తుడుచుకుని, నవ్వి, మావయ్యతో ఏదో అన్నారు. మావయ్య నాకు తెలుగులో చెప్పాడు.

"నీ సెయ్యికి జంకు లేదంటన్నారు. అది నేర్పితే వచ్చేది కాదంట. కానీ ఏటంటే, నువ్వు ఎడంసెయ్యి పెట్టినావు సూడు, అదే సిక్కంట."

నిజమే, తెలియకుండానే ఎడమచెయ్యి పెట్టాను. కుర్చీ, ఉమ్మే పళ్ళెం, కాలితో తొక్కి తిప్పే మర, అన్నీ కుడిచేతివాటం వాళ్ళకోసం అమర్చినవనీ, ఎంపికచేసేవాళ్ళు తప్పకుండా అభ్యంతరం పెడతారనీ, వేసవి అయ్యేలోపల కుడిచెయ్యి కూడా అంత నమ్మకంగా పనిచేస్తే తాను ఒక మాట చెబుతాననీ ఆయన అన్నారు. సీటు వస్తుందని ఎంతవరకు అనుకోవచ్చని మావయ్య పట్టుబట్టి అడిగితే, సముద్రం వైపు చూసి, సగానికి సగం అన్నారు.

సగానికి సగం! ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు, తిననివ్వలేదు. పూర్తిగా రాదంటే కొట్లో కూర్చునేవాణ్ణి. వస్తుందంటే పెట్టె సర్దుకునేవాణ్ణి. రెండూ కాని ఆ వేసవంతా పెరటి వసారాలో కూర్చుని కుడిచేత్తో సుద్దముక్కలు చెక్కుతూ గడిపాను. పళ్ళ ఆకారం రావాలని నా తాపత్రయం. చెయ్యి మాట వినేది కాదు, చాకు జారేది, సుద్ద విరిగేది, విసుగొచ్చి లేచి వీధిలోకి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. నాన్నగారు కొట్టుకి వెళుతూ ఆ తెల్లటి పొడి అంటకుండా పంచె ఎత్తిపట్టుకుని దాటిపోయేవారు.

ఒకరోజు మధ్యాహ్నం మామ్మ వసారాలోకి వచ్చింది. చేతిలో చిన్న అరటాకు ముక్క. అందులో ఆ పొద్దున్న ఊడిన ఆవిడ పన్ను. ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసరడం మా ఇళ్ళలో ఆచారం. ఆవిడ దాన్ని విసరకుండా కడిగి తెచ్చింది.

"దీన్ని సూసి సెక్కు. నీ సుద్దముక్కలు పళ్ళలాగ లేవురా, పనసగింజల్లాగున్నాయి" అంది.

చాపమీద నా పక్కనే కూర్చుని, నేను ఆ పన్నుని అటూ ఇటూ తిప్పి చూస్తూ చెక్కుతుంటే, ఇక్కడ ఇంకా పల్లం రావాల, అక్కడ మూల ఉంచు అని వేలుపెట్టి చూపించింది. ఏ చేత్తో చెక్కుతున్నానో ఆవిడ చూడనేలేదు.

ఎంపికకి పిలుపొచ్చాక, కలకత్తా ప్రయాణానికి కూడా మావయ్యే వచ్చాడు. పెద్ద బల్లకి అవతల ముగ్గురు కూర్చుని ప్రశ్నలు వేశారు. నా ఇంగ్లీషు తడబడింది. చిన్న అద్దం పట్టుకుని ఒక రోగి పైపళ్ళ వెనకభాగం చూసి చెప్పమన్నారు, కుడిచేత్తోనే పట్టుకుని చెప్పాను. పుట్టువాటం ఏదని ఒకాయన అడిగితే ఎడమ అని నిజం చెప్పేశాను. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుకి అర్థం ఏమిటో తిరుగు ప్రయాణంలో మావయ్య ప్రతి స్టేషనుకీ ఒక రకంగా చెప్పాడు.

ఆ తర్వాత ఎదురుచూపు. తపాలా జవాను మా వీధి మలుపు తిరిగితే చాలు, ఇంటిల్లిపాదికీ చేతిలో పని ఆగిపోయేది. చివరికి గోపాల్‌పూర్ డాక్టరుగారి దగ్గరనుంచి కార్డు వచ్చింది. మెయిలు బండిలో వాల్తేరు వెళుతున్నాననీ, బరంపురం స్టేషన్లో కనిపించమనీ రాశారు. సీటు సంగతి ఒక్క ముక్క లేదు. వస్తే రాసేవారు కాదా అని వకీలుగారు, రాకపోతే కనిపించమనేవారా అని మేష్టారు, మా అరుగు మీదే వాదనకి దిగారు.

ఆ రోజు స్టేషనుకి నేనూ మావయ్యా మాత్రమే అనుకున్నాం. చూస్తే వకీలుగారు, మేష్టారు, జ్యోతిష్కుడు, బజారువాళ్ళు కొందరు, అమ్మ చెయ్యి పట్టుకుని మామ్మ, అందరూ ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. బండి ఆగేది కాసేపే. ఏ పెట్టెలో ఉన్నారో తెలియదు. మావయ్య ఒడియాలో కేకలు వేస్తూ ముందు, నేను వెనక, మా వెనక ఊరు, కిటికీ కిటికీకీ తొంగిచూస్తూ పరిగెత్తాం. ఇంజను దగ్గరి పెట్టెలో ఎర్రటి పళ్ళు కనబడ్డాయి. ఆయన తల బయటికి పెట్టి బెంగాలీలో గట్టిగా అరిచారు. మావయ్య ఉన్నచోటే నిలబడిపోయి, "అయిపోయిందంటన్నాడురా" అని ఒక ట్రంకుపెట్టె మీద కూలబడ్డాడు.

అయిపోయింది! ఆశ అయిపోయిందా, పని అయిపోయిందా? బండి కదిలింది. నేను కిటికీ ఊచ పట్టుకుని పక్కనే పరిగెత్తాను. డాక్టరుగారు నా ముఖం చూసి సంగతి గ్రహించి, ఈసారి ఇంగ్లీషులో, సీటు నీదే, జూలైలో వచ్చెయ్యి అని అరిచి, నా వేళ్ళమీద తట్టి ఊచ వదిలించారు.

వెనక్కి తిరిగేసరికి, పార్సెళ్ళ బండి చాటున నాన్నగారు. ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు. కండువాతో ముఖం తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చారు.

"ఎల్లు నాయినా. ఎల్లి నేర్సుకో. మన అమ్మిలాటోల్లు ఊల్లలో ఇంకా ఎంతమంది ఉన్నారో" అన్నారు. అప్పని ఆయన అమ్మి అనే పిలిచేవారు. ఎంగిలి మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను చదువుకుని వచ్చేసరికి గంజాం ఒరిస్సాలో కలిసిపోయింది, వకీలుగారి వాదన ఆయన ప్రమేయం లేకుండానే తేలిపోయింది. ఇప్పుడు ఊళ్ళో పళ్ళ డాక్టర్లు వీధికొకరు ఉన్నారు, పన్ను నొప్పితో ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. ఇంతకంటే మంచి మార్పు ఏముంటుంది? అయినా ఏదో వెలితి. ఇప్పుడు ఒక పిల్ల భవిష్యత్తు ఇంత అని అంకె చెప్పేస్తుంది, తెలిశాక ఎవరి ఇంటికి వాళ్ళు పోయి తలుపు వేసుకుంటారు. అప్పుడు మాకెవరికీ ఏమీ తెలియదు. తెలియదు కనుకనే తలా ఒక మాట అనడానికి వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు, వాళ్ళ సొంత బిడ్డ సంగతే అయినట్టు ఆదుర్దాపడేవారు. ఆ ఆదుర్దా నన్ను ఎంత వేధించిందో అంత మోసింది కూడా.

ఈ మధ్య స్టేషను వైపు వెళ్ళినప్పుడు పాత ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడ్డాను. బండి వచ్చింది, ఆగింది, కదిలింది. ఆ పొద్దున్న నా వెనక పరిగెత్తినవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. బండి జోరందుకుంటుంటే నేనే, ఈ వయసులో, రెండడుగులు గబగబా వేసి ఆగిపోయాను.